కోసినావా, లేదా?

పురసవాక్కంలో చీరల కొట్ల వెనక సందులో, మేడమీద గదిలో నేను ఆరి వర్కు నేర్పుతాను. ఆంధ్రా నుంచి వచ్చిన పిల్లలు దాన్నే మగ్గం వర్కు అంటారు. పేరేదైతేనేం, పని ఒకటే. బ్లౌజు చేతుల మీద జరీ, పూసలు, నెమళ్ళు. పెళ్ళిళ్ళ సీజనులో మాకు తల గోక్కోవడానికి తీరిక ఉండదు. సీజను కానప్పుడు మాత్రం నా పిల్లలు ఒక చేత్తో సూది, ఒక చేత్తో ఫోను పట్టుకుని కూర్చుంటారు. నేను అరుస్తాను. వాళ్ళు నవ్వుతారు.

ఒకరోజు అలాగే అరవబోయి ఆగిపోయాను. ఆ ఫోనులో ఉన్నది సినిమా కాదు, గుడ్డ. పాతకాలంలో ఇంగ్లండులో క్వేకర్లనే క్రైస్తవుల బడిలో ఒక ఆడపిల్ల కుట్టిన గుడ్డ అది. దాన్ని శాంప్లర్ అంటారట. నేర్చుకున్న కుట్లన్నీ ఒకే గుడ్డ మీద వేసి, ఇదిగో నాకు ఇంత వచ్చు అని చూపించుకునే నమూనా. అక్షరాలు, అంకెలు, నక్షత్రాల్లాంటి చక్రాలు, వాటి మధ్యలో స్నేహితురాళ్ళ పేర్ల పొడి అక్షరాలు. అంచు దగ్గర చక్రాలు సగం సగమే ఉన్నాయి, మిగతా సగం గుడ్డ దాటి ఎటో వెళ్ళిపోయినట్టు. ఎందుకలా సగంలో ఆపేవాళ్ళో అని నాకు అప్పుడే పురుగు తొలవడం మొదలైంది.

ఆ తర్వాతి బొమ్మ డార్నింగు శాంప్లరుది. దాని పద్ధతి చదివి మా పిల్లలు పగలబడి నవ్వారు. ముందు నిక్షేపంలాంటి గుడ్డను తీసుకుని కత్తెరతో చిల్లి కోయాలి. తర్వాత ఆ చిల్లిని రంగు దారంతో, మగ్గం మీద నేసినట్టే పడుగూ పేకా కలిపి పూడ్చాలి. బాగున్న గుడ్డను కోసి మళ్ళీ కుట్టేదేంది అక్కా, పనీపాటా లేదా వాళ్ళకి అని ఒక పిల్ల అడిగింది. నేను నవ్వలేదు. అచ్చం ఇలాంటి గుడ్డ మా పెద్దమ్మ ఇంట్లో గోడ మీద ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాను. చూస్తూ ఒక్కసారి కూడా ఇదేమిటని అడగలేదు. నాకా, వంటింట్లో కొత్త చెంచా కనబడితే ఎక్కడ కొన్నారో తెలుసుకోకుండా అన్నం సయించదు! ఇంత వయసొచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది.

అడగకపోవడానికి ఒక కారణం ఉంది. ఆ గుడ్డ మా ఇంట్లో ఒక హాస్యం. హాస్యంగా ఉన్నదాన్ని ఎవరూ విప్పి చూడరు.

మావాళ్ళది నేతపని. ఎన్ని తరాల కిందటో నెల్లూరు వైపు నుంచి వచ్చి చింతాద్రిపేటలో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. మా తాత వసారాలో మగ్గం పెట్టుకుని లుంగీలూ తువ్వాళ్ళూ నేసేవాడట. నేతలో ఎక్కడైనా చిరుగో, పోగు తెగిన జాడో కనబడితే కొట్టువాడు కూలి కోసేవాడు. అందుకని గుడ్డ దించాక తాత కూర్చుని ప్రతి లోపాన్నీ పూడ్చేవాడు. గుడ్డ అంచులోంచే ఒక పోగు లాగి, ఆ పోగుతోనే చిల్లి మీద నేసేవాడు. గోటితో రుద్దేవాడు. ఇంక బ్రహ్మదేవుడు వచ్చినా కనిపెట్టలేడు. ఈ పని ఆయన పెద్ద కూతురికి నేర్పాడు. ఆ పెద్ద కూతురే మా పెద్దమ్మ. చిన్న కూతురు మా అమ్మ. అమ్మకు మగ్గం దగ్గర కూర్చునే ఓపిక ఉండేది కాదట.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక మిషను బడిలో చదివారు. మధ్యలో పెద్దమ్మ జబ్బు చేసి ఒక క్లాసు వెనకబడింది కాబట్టి ఇద్దరూ ఒకే క్లాసులో, ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళు. ఆ బడిలో కుట్టు నేర్పిన టీచరమ్మ తమిళ క్రైస్తవురాలు. ఆవిడకు కుట్టు నేర్పింది ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక దొరసాని. దొరసాని వెళ్ళిపోయినా ఆమె పద్ధతులన్నీ టీచరమ్మ దగ్గర మిగిలాయి. ప్రతి ఆడపిల్లా చదువు ముగించే ఏడు ఒక నమూనా గుడ్డ కుట్టాలి. అక్షరాలు, అంకెలు, చక్రాలు. అడుగున ఇంటూ గుర్తులాంటి కుట్టుతో చిన్న పెట్టె గీసి దాన్ని ఖాళీగా ఉంచాలి. పరీక్షరోజు ఆ పెట్టెలో చిల్లి కోసి, టీచరమ్మ ఇచ్చిన ఎర్రదారంతో డార్నింగు చేసి, గుడ్డను గంజితో అట్టకు అంటించి ఇవ్వాలి. అందరికంటే బాగా కుట్టిన పిల్లను మిషను వాళ్ళే కుట్టు టీచరు ట్రైనింగుకు పంపేవాళ్ళు. ఆ ఏడు అది పెద్దమ్మేనని క్లాసంతా అనుకున్నారు.

పరీక్షరోజు పెద్దమ్మ ఎర్రదారం ముట్టుకోలేదు. తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో అతుకా? తప్పు చేసి దండోరా వేయించుకున్నట్టు కాదూ? ఏ నేతగాడి కూతురు చేస్తుంది ఆ పని? గుడ్డ అంచులోంచే పోగులు లాగి, తాత నేర్పినట్టే పూడ్చి, గోటితో రుద్ది, అట్టకు అంటించి ఇచ్చానని ఆమె మాట. టీచరమ్మ చూసింది. పెట్టె ఖాళీగా ఉంది. ఎర్రదారం ఉండ విప్పకుండా అలాగే ఉంది. ఈ పిల్ల చిల్లి కోయనే లేదు, డార్నింగు చేయనే లేదు, చేశానని బొంకుతోంది అనుకుంది.

కోసినావా, లేదా అని అడిగింది. కోసినాను టీచర్, అమ్మతోడు అంది పెద్దమ్మ. ఆ అమ్మతోడే కొంప ముంచింది. ఆ బడిలో ఒట్లు పెట్టకూడదు. ఔనంటే ఔను, కాదంటే కాదు, అంతే. ఒట్టు పెడితే నీ మామూలు మాటకు విలువ లేదని నువ్వే ఒప్పుకున్నట్టట. టీచరమ్మ ఆ తర్వాత పక్కనున్న మా అమ్మను లేపి, మీ అక్క కోయడం నువ్వు చూశావా అని అడిగింది. చూడలేదు టీచర్ అంది అమ్మ.

అంతటితో అయిపోయింది. పెద్దమ్మకు సున్నా. ట్రైనింగు ఆమె తర్వాత బాగా కుట్టే పిల్లకు వెళ్ళింది. ఆ పిల్ల మా అమ్మే. అమ్మ ఎన్నూరు దగ్గర ఒక బడిలో రిటైరయ్యేదాకా కుట్టు టీచరుగా పనిచేసింది. నాకు సూది పట్టుకోవడం నేర్పింది ఆమే. పెద్దమ్మ పురసవాక్కంలో ఒక బట్టల కొట్లో చేరి, గిరాకీలు విప్పి పారేసిన చీరలు మడతపెడుతూ ముసలిదైంది. తాత అప్పటికే పోయాడు. ఉండి ఉంటే ఒక్క చూపులో తేల్చేవాడు. అవ్వ మాత్రం, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, పారేయడమెందుకని ఆ గుడ్డకు అద్దం కట్టించింది.

అప్పటి నుంచీ మా ఇంట్లో చేశానని చెప్పి చేయని పనికి అక్క డార్నింగు అని పేరు. పాలు కాచినావా అంటే కాచినాను అంటారు, గిన్నె చల్లగా ఉంటుంది, సరే, అక్క డార్నింగే అంటారు. మా నాన్న కరెంటు బిల్లు కట్టానంటే అమ్మ అదే మాట. చిన్నప్పుడు నా హోంవర్కు మీదా అదే మాట. పెద్దమ్మ ఉన్నప్పుడు కూడా అనేవాళ్ళం. ఆమె అందరితో కలిసి నవ్వేది. అందరికంటే ముందు నవ్వేది.

ఆ ఫోను బొమ్మ చూసిన ఆదివారమే రైలెక్కి మైలాపూరు వెళ్ళాను. పెద్దమ్మ అక్కడ కొడుకు దగ్గర ఉంటుంది. మెట్లు దిగే ఓపిక లేదు కాబట్టి బాల్కనీయే ఆమెకు లోకం. కీరై, అదే ఆకుకూర, అమ్మే ఆమెతో పై నుంచే బేరమాడి బుట్ట దించుతుంది. నేను వెళ్ళేసరికి బుట్ట పైకి లాగుతోంది. వచ్చీరాగానే గోడ మీది గుడ్డ ముందు నిలబడ్డాను. ఏం మా, ఈరోజు కొత్తగా చూస్తా ఉండావు అంది.

కొత్తగానే చూశాను మరి. అక్షరాలు ఎర్రదారంతో, ఇంగ్లీషువీ, తమిళానివీ. తెలుగు లేదు. బడిలో తెలుగు ఎవరడిగారు? అంచున చక్రాలు, అవీ సగం సగమే! ఇంగ్లండు పిల్లల చేతుల్లోంచి దొరసాని చేతికి, ఆమె నుంచి టీచరమ్మకు, ఆవిడ నుంచి చింతాద్రిపేట నేతగాడి కూతురికి, ఆ సగం చక్రం సగంగానే వచ్చింది. ఎందుకు సగం అని ఎవరైనా అడిగారా పెద్దమ్మా అంటే, టీచరు ఎంత వేయమంటే అంత వేసినాము, అడిగితే స్కేలుతో పడేది అంది.

అడుగున పెట్టె. ఖాళీగా, తెల్లగా. తెల్లగా అంటే ఇప్పుడు తేనెరంగుకు తిరిగింది. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. పూసలు గుచ్చేటప్పుడు వాడే భూతద్దం సంచిలో ఉంది, దాంతో చూశాను. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. గంజి బిగిసిపోయి గుడ్డ అట్ట మీద నున్నగా, అట్టలాగే ఉంది. ఉందంటే ఉంది, లేదంటే లేదు.

ఫ్రేము విప్పి, గుడ్డను అట్ట మీద నుంచి తీసి, వెలుతురుకు పట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుందని నాకు తెలుసు. ఎంత గొప్ప డార్నింగైనా కొత్త పోగు పాత పోగు మీద కాస్తయినా ఎక్కాలి. అక్కడ గుడ్డ మందంగా ఉంటుంది. వెలుతురు తక్కువ దూరుతుంది. అదే చెప్పాను. పెద్దమ్మ వద్దంది. గుడ్డ చిరుగుతుందంది. నా చేతిలో చిరగదన్నాను. అద్దం పగులుతుందంది. కొత్తది వేయిస్తానన్నాను. ఈ వయసులో నాకెందుకు మా ఇదంతా అంది. నేను పట్టిన పట్టు విడవను, మా వంశంలో మొండితనం నా ఒక్కదానికే వచ్చింది. అవ్వ బతికున్నప్పుడే తీసి చూపించి ఉండొచ్చు కదా, టీచరమ్మ మొహాన కొట్టి ఉండొచ్చు కదా, ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నావు అని అడిగాను.

ఆమె బుట్టలోంచి ఆకుకూర తీసి పేపరు మీద పరిచింది. అప్పుడు చెప్పింది.

"నేను కోసినానో లేదో నాకే సరిగ్గా తెలీదు మా. కోసినాననే అనుకుంటా ఉండా. కానీ మీ అమ్మ నా పక్కనే కూర్చోనుండింది. అది చూడలేదనింది. అది అబద్ధం చెప్పే పిల్ల కాదు. విప్పి చూసి ఆడ ఏమీ లేకపోతే?"

ఒక మనిషి ఇంత ముసలిదయ్యేదాకా, నేను అబద్ధాలకోరునా కాదా అని గోడ మీది గుడ్డను రోజూ చూస్తూ బతికిందా? దాని ముందే కూర్చుని మేము పాయసాలు తాగి జోకులేశామా? సిగ్గేసింది. దాంతోపాటు, చెప్పొద్దూ, లోపల ఏముందో చూడాలన్న యావ ఇంకా పెరిగింది. నా గుణం అంతే.

ఆ వారమంతా క్వేకర్ల గురించి దొరికిందల్లా చదివాను. వాళ్ళు మౌనంగా కూర్చుని ప్రార్థన చేస్తారట. ఆడంబరం లేని బట్టలు కడతారట. ఒట్టు పెట్టరట, కోర్టులోనైనా సరే. టీచరమ్మ పట్టుదల ఎక్కడిదో తెలిసింది. దొరసాని క్వేకరేనని పెద్దమ్మ చెప్పలేదు, ఆమెకు ఆ మాట తెలియదు. సగం చక్రాలూ, ఒట్ల నిషేధమూ చూసి నేను అనుకున్నదే. రంగుదారం ఎందుకో కూడా తెలిసింది. ఒక్కో పోగు ఎలా పైకీ కిందికీ వెళ్ళిందో టీచరు కంటికి కనబడాలి. వాళ్ళకు డార్నింగంటే నేర్చుకున్నది చూపించడం. మావాళ్ళకు డార్నింగంటే చేసింది దాచడం. ఇద్దరిదీ న్యాయమే, మధ్యలో నలిగింది మాత్రం పెద్దమ్మ. ఇంత తెలిసినా టీచరమ్మ మీద నా కోపం దిగలేదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే కుట్టు టీచరుకు వేలు పెట్టి తడిమి చూద్దామని తోచలేదా?

ఆ మాటే అమ్మతో అన్నాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. సాయంత్రం బియ్యంలో రాళ్ళేరుతూ వింటోంది. పాత గుడ్డను తవ్వి తలకెత్తుకుంటావెందుకు అని విసుక్కుంది. నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా, అక్క చేతిలో కత్తెర కూడా కనబడలేదా అని అడిగాను. నాకు గుర్తులేదు, నీకు వేరే పని లేదా అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకమ్మా అంత కోపం అని నవ్వాను. అమ్మ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మాకిద్దరికీ ఇలాంటి గిల్లికజ్జాలు రోజూ ఉండేవే కాబట్టి నేను పట్టించుకోలేదు.

వానలొచ్చాయి. పెద్దమ్మ ఇంట్లో ఆ గోడ చెమ్మ పట్టింది. అద్దం లోపల గోధుమరంగు మరక అక్షరాల మీదికి పాకుతోందని, అట్టలో వెండిపురుగులు తిరుగుతున్నాయని ఆమె కొడుకు ఫోను చేశాడు. గంజి అంటే వాటికి విందు. నేను పెద్దమ్మతో మాట్లాడాను. ఇంక చూడాలా వద్దా అన్న మాట లేదు, గుడ్డను అట్ట నుంచి తీయకపోతే గుడ్డే ఉండదు, నువ్వు వద్దంటే పెట్టె వైపు నేను చూడనే చూడను, శుభ్రం చేసి ఇచ్చేస్తాను అన్నాను. చూడకుండా ఉండగలనా అన్నది వేరే సంగతి. పెద్దమ్మ సరే రా అంది. "మీ అమ్మను పిల్చుకోని రావద్దు" అని కూడా అంది.

అదేమిటో నాకు అర్థం కాలేదు. అమ్మకు మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కలేదని అనుకుందేమో అనుకున్నాను. కానీ ఫోను స్పీకరులో ఉంది, అమ్మ విన్నది. మరునాడు నేను బయల్దేరేటప్పటికి చీర మార్చుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. వద్దంటే వినలేదు. మొండితనం నా ఒక్కదానికే కాదు, సరే.

పెద్దమ్మ అమ్మను చూసి లోపలికి వెళ్ళి కాఫీ కలిపింది. నేను బాల్కనీ తలుపు దగ్గర చాప పరిచి, ఫ్రేము మేకులు పీకి, అద్దం తీశాను. అట్ట వెనకవైపు తడిగుడ్డ పరిచి కాసేపు ఉంచితే గంజి నానింది. చాకు మొండి వైపుతో, అప్పడాల పిండి పీట నుంచి లేపినట్టు, కొస నుంచి మెల్లగా లేపాను. అట్ట పొరలు పొరలుగా ఊడింది. గుడ్డ ఊడి నా చేతికి వచ్చింది. అంత తేలిగ్గా, మెత్తగా ఉంటుందనుకోలేదు.

ముందు అంచు చూశాను. మడిచి కుట్టిన అంచు ఒకచోట కుట్టు విడిపోయి ఉంది. విప్పి చూస్తే లోపలి మడతలో అడ్డపోగులు లేవు. నిలువు పోగులు మాత్రమే కుచ్చులా వేలాడుతున్నాయి. ఎవరో అక్కడి నుంచి పోగులు లాగారు. పెద్దమ్మా, పోగులు లాగినావు, ఇక్కడి నుంచే లాగినావు అన్నాను. లాగితే ఏమి, లాగి కుట్టకుండా ఉండొచ్చు కదా అంది ఆమె. ఆమె కళ్ళు గుడ్డ మీద లేవు. అమ్మ మీద ఉన్నాయి.

లేచి గుడ్డను తలుపు సందులోంచి వచ్చే వెలుతురుకు ఎత్తి పట్టాను. గుడ్డంతా పల్చగా వెలిగింది. ఎర్ర అక్షరాలు తిరగేసి కనబడ్డాయి. అడుగున ఇంటూ కుట్ల పెట్టె. దాని నడుమ బొటనవేలి గోరంత చదరం, చుట్టూ ఉన్న గుడ్డకంటే ఒక్క ఛాయ ముదురుగా. నాలుగు మూలలూ సూటిగా. నా జన్మలో అంత చక్కటి డార్నింగు చూడలేదు. నేను ఎందరికి నేర్పానో, అందులో ఒక్కరి చేత కూడా అది కాదు, నా చేతా కాదు.

"కోసినావు పెద్దమ్మా! కోసినావు, కుట్టినావు, ఇదిగో ఉంది" అని కేక పెట్టాను. కిందనుంచి కీరై ఆమె కూడా తలెత్తి చూసి ఉంటుంది. పెద్దమ్మ వేలు పట్టుకుని ఆ చదరం మీద పెట్టాను. గుడ్డ వెనకవైపు పోగుల కొసలు సన్నగా తగులుతున్నాయి. పెద్దమ్మ వేలు అక్కడ కాసేపు అటూ ఇటూ తిరిగింది. నేను ఆమె ఏడుస్తుందనుకున్నాను, నవ్వుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. గుడ్డను మడవబోయింది, ఇంక చాలు, ఎత్తి పెట్టేయి అన్నట్టు.

అమ్మ ఆ గుడ్డను ఆమె చేతుల్లోంచి తీసుకుంది. తను కూడా వెలుతురుకు పట్టింది. కుట్టు టీచరు కదా, ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పనక్కరలేదు. చూసి, గుడ్డ దించి, కుర్చీలో కూర్చుంది.

"నేను చూసినాను అక్కా" అంది. "కోసేటప్పుడు చూసినాను. బాగా తెగుతుందని మగ్గం కత్తెర ఇంటినుంచి దొంగతనంగా ఎత్తుకొచ్చి నీకిచ్చింది నేనే. టీచరు కత్తెర తప్ప వేరేది వాడకూడదు కదా. చూసినానంటే ఏ కత్తెర అని అడిగేది. భయమేసింది, లేదన్నా. రేపు చెప్దాములే అనుకున్నా. అంతలోపల ట్రైనింగు నాకొచ్చింది. ఇంక నోరు రాలేదు."

నాకు అమ్మ మీద పట్టరానంత కోపం వచ్చింది. ఆమె బడి, ఆమె జీతం, ఆమె నాకు నేర్పిన సూది, నా క్లాసు, అన్నీ ఒక్కసారి వేరేవాళ్ళ సొమ్ములా అనిపించాయి. అక్క డార్నింగు అన్న మాట మా ఇంట్లో మొదట ఎవరు అన్నారో కూడా అప్పుడే తట్టింది. ఏదో అనబోయాను. పెద్దమ్మ నన్ను చేయెత్తి ఆపింది.

"తెలుసు" అంది అమ్మతో.

మరి నీకే సరిగ్గా తెలీదని నాతో చెప్పావే అని నేను నిలదీశాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఆమె మీద కూడా కోపమే. ఒక్కో ఏడు ఒక్కోలా అనిపించేది మా, అది అబద్ధం కాదు అంది. కానీ చేతికి తెలుసు, చెయ్యి మర్చిపోదు అంది. అవ్వ గుడ్డను నానబెట్టి తీద్దామా అని అడిగిందట, ట్రైనింగుకు పేరు రాసేలోపలే. అట్ట ఊడితే రేపే టీచరమ్మకు చూపించొచ్చు అందట. పెద్దమ్మే వద్దని ఏడ్చి, అద్దం కట్టించమందట.

అమ్మ తల వంచుకుని, ఎందుకక్కా, నన్ను ఒక్క మాటైనా తిట్టలేదెందుకు అని అడిగింది.

"కోపం లేదనుకుంటా ఉండావా? ఉండాది. ఇప్పుడు కూడా ఉండాది" అంది పెద్దమ్మ. "కానీ విప్పి చూపిస్తే ఏమయ్యేది? ఇద్దర్లో ఒకరు అబద్ధం చెప్పినట్టు అప్పటికే తేలిపోయిందే. ఆ ఒకరు ఎవరన్నదే మిగిలింది. నువ్వు చిన్నదానివి. పెద్దదాన్ని నేను."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దమ్మ లేచి, కాఫీ చల్లారిపోయిందని గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.